లాభం పెరిగింది, నగదు తగ్గింది: చిన్న ఎలక్ట్రానిక్స్ కంపెనీ లెక్కల్లో వాటాదారు ఏం చూడాలి?

చిన్నవాటా

సభ్యులకు నమస్కారం. నా దగ్గర ఒక చిన్న లిస్టెడ్ ఎలక్ట్రానిక్స్ కంపెనీ షేర్లు ఉన్నాయి. పరిశ్రమలకు కావలసిన సెన్సర్ బోర్డులు, వాటిని నడిపే ఫర్మ్‌వేర్, దానికి తోడు రిమోట్ పర్యవేక్షణ సేవ దాని వ్యాపారం. పేరు చెప్పడం లేదు. ఆ కంపెనీ మంచిదా చెడ్డదా అని తేల్చుకోవడం కోసం నేను ఈ చర్చ మొదలుపెట్టలేదు, దాని లెక్కలను ఎలా చదవాలో తెలుసుకోవడానికి మొదలుపెట్టాను.

వార్షిక నివేదిక ప్రకారం పన్నుకు ముందు లాభం కిందటి ఏడాదికన్నా బాగా పెరిగింది. అయితే ఏడాది చివర చేతిలో ఉన్న నగదు తగ్గింది. బ్యాలెన్స్ షీటులో ‘అభివృద్ధిలో ఉన్న అమూర్త ఆస్తులు’ (చేతితో తాకలేని, ఇంకా తయారవుతున్న డిజైన్లు, సాఫ్ట్‌వేర్ వంటివి) అన్న పద్దు, సరుకు నిల్వల పద్దు రెండూ పెరిగాయి. రాబోయే సర్వసభ్య సమావేశంలో, ఎంపిక చేసిన కొందరు మదుపరులకు కొత్త షేర్లు కేటాయించే తీర్మానం కూడా ఉంది. వీటన్నిటికీ ఒకదానితో ఒకటి సంబంధం ఉందా, ఉంటే సమావేశంలో ఏమని అడగాలి అన్నది నా సందేహం.

పాతలెడ్జర్

ఇలాంటి లక్షణాలు ఒకే నివేదికలో కనిపించినప్పుడు నేను లాభనష్టాల ఖాతాను పక్కన పెట్టి ముందు నోట్స్ (లెక్కలకు జతచేసే వివరణలు) తెరుస్తాను. అకౌంటింగ్ విధానాల నోట్‌లో ప్రమాణాల వాక్యాలను యథాతథంగా దించకుండా, తమ కంపెనీకి వాటిని ఎలా అన్వయించుకున్నారో చెప్పాలన్నదే 2023లో అమల్లోకి వచ్చిన ఐఏఎస్ 1 (ఐఏఎస్ అంటే అంతర్జాతీయ అకౌంటింగ్ ప్రమాణం) సవరణ ఉద్దేశం. అయినా చిన్న కంపెనీల్లో చాలావరకు పాత పేరాలనే ఏటా అచ్చు వేస్తుంటాయి. మీ కంపెనీ నోట్‌లో అభివృద్ధి ఖర్చు గురించి ఎన్ని వాక్యాలున్నాయో, వాటిలో ఆ కంపెనీకే ప్రత్యేకంగా వర్తించేవి ఎన్నో చూడండి.

అంతర్జాతీయ ప్రమాణాల్లో ఐఏఎస్ 38 ప్రకారం పరిశోధన దశలో చేసిన ఖర్చును ఎప్పటికప్పుడు లాభనష్టాల ఖాతాలో రాయాల్సిందే. అభివృద్ధి దశలోకి వచ్చాక మాత్రం ఆరు విషయాలు రుజువు చేయగలిగితే ఆ ఖర్చును ఆస్తిగా చూపాలి. ఉత్పత్తిని పూర్తిచేయడం సాంకేతికంగా సాధ్యమై ఉండాలి. పూర్తిచేసే ఉద్దేశం, దాన్ని వాడుకునే లేదా అమ్మగల సామర్థ్యం ఉండాలి. దానివల్ల రాబడి ఎలా వస్తుందో చూపించాలి. పూర్తిచేయడానికి కావలసిన డబ్బూ మనుషులూ ఉండాలి. అయిన ఖర్చును నమ్మకంగా కొలవగలగాలి. ఒకసారి ఖర్చుగా రాసేసినదాన్ని తర్వాతి సంవత్సరంలో వెనక్కు తీసి ఆస్తిగా మార్చడం కుదరదు.

దీని ప్రభావం ఎంత ఉంటుందో ఒక ఊహా లెక్కలో చూడండి. కంపెనీ అభివృద్ధికి 12 ఖర్చు పెట్టి, అందులో 9ని ఆస్తిగా చూపింది. పాత ఆస్తులపై అమోర్టైజేషన్ (ఆస్తి విలువను ఏళ్లవారీగా ఖర్చుగా రాయడం) 3 రాసింది. ప్రకటించిన లాభం 8. ఇదే కంపెనీ మొదటినుంచీ మొత్తం ఖర్చును ఎప్పటికప్పుడు రాసుకునే విధానంలో ఉండి ఉంటే లాభం 2 మాత్రమే అయ్యేది. బ్యాంకులోంచి పోయిన సొమ్ము మాత్రం రెండు పద్ధతుల్లోనూ ఒక్కటే.

నికరవిలువ

పాతలెడ్జర్ గారి లెక్క సరైనదే కానీ, దాన్ని చదివినవారికి ఖర్చును ఆస్తిగా చూపడమే తప్పు అన్న అభిప్రాయం కలిగే ప్రమాదం ఉంది. ఆరు షరతులూ నెరవేరినప్పుడు ఆస్తిగా చూపడం ఐఏఎస్ 38 కింద కంపెనీ ఇష్టం కాదు, విధి. అయిదేళ్లు అమ్ముడుపోయే బోర్డు రూపకల్పనకు అయిన ఖర్చంతా మొదటి ఏడాది మీదే వేస్తే, ఆ ఏడాది లాభం అన్యాయంగా తగ్గుతుంది, తర్వాతి సంవత్సరాల లాభం అన్యాయంగా పెరుగుతుంది.

అమెరికా పద్ధతిలో 1974లో వచ్చిన ప్రమాణం నుంచి పరిశోధన, అభివృద్ధి ఖర్చులను సాధారణంగా వెంటనే లాభనష్టాల ఖాతాలో రాసేస్తున్నారు. అమ్మకానికి తయారుచేసే సాఫ్ట్‌వేర్‌కు మాత్రం సాంకేతిక సాధ్యత నిర్ధారణ అయ్యాక జరిగిన ఖర్చును ఆస్తిగా చూపే దారి 1985 నుంచి ఉంది. అందువల్ల ఒకే రకం బోర్డులు చేసే రెండు కంపెనీలు వేర్వేరు ప్రమాణాలను పాటిస్తుంటే, వాటి లాభాలను పక్కపక్కన పెట్టి ధర-ఆర్జన నిష్పత్తి (షేరు ధర ఒక్కో షేరు లాభానికి ఎన్ని రెట్లు అన్నది) పోల్చడం వృథా. పోల్చాలంటే ముందు రెండింటినీ ఒకే పద్ధతిలోకి మార్చుకోవాలి. అందుకు కావలసిన అంకెలు నోట్స్‌లోనే దొరుకుతాయి.

బోర్డుబెంచి

నేను అకౌంటెంటును కాదు, హార్డ్‌వేర్ రూపకల్పన చేసేవాడిని. ఆ ఆరింటిలో ‘సాంకేతికంగా సాధ్యం’ అన్న మొదటిది కాగితం మీద కనిపించినంత తేలికైనది కాదని చెప్పడానికి రాస్తున్నాను.

మొదటి ప్రోటోటైప్ బోర్డుకు విద్యుత్తు ఇవ్వగానే దీపం వెలిగితే యాజమాన్యం దృష్టిలో పని సగం పూర్తయినట్టే. మా దృష్టిలో అసలు పని అక్కడ మొదలవుతుంది. విద్యుదయస్కాంత వికిరణ పరీక్షలో ఒక పౌనఃపున్యం దగ్గర బోర్డు పరిమితి దాటిందంటే, స్విచింగ్ రెగ్యులేటర్ పక్కన రాగి దారులను తిరిగి గీయాలి, కొత్త బోర్డులు చేయించాలి, ఉష్ణోగ్రత పరీక్షలు మళ్లీ చేయాలి. అక్కడిదాకా అయిన ఖర్చును ఆస్తి అనడానికి నాకు మనసొప్పదు. డిజైన్ ధ్రువీకరణ పరీక్షలు పూర్తయ్యాక అయ్యే ఖర్చు సంగతి వేరు.

ఇంకొక మాట. ఏ ఇంజనీరు ఏ గంట ఏ పనిమీద గడిపాడన్నదే ఈ లెక్కంతటికీ ఆధారం. వారాంతంలో నింపే టైమ్‌షీటులో ‘కొత్త ఉత్పత్తి’, ‘పాత ఉత్పత్తి నిర్వహణ’ అని రెండు గడులుంటాయి. అమ్ముడైపోయిన బోర్డులో ఫర్మ్‌వేర్ దోషం సరిదిద్దిన గంటలు మొదటి గడిలో పడితే అవి ఆస్తిలోకి చేరిపోతాయి. ఆ గడులను ఎవరు సరిచూస్తారో వాటాదారులు అడిగినట్టు నేను ఎక్కడా వినలేదు.

పాతలెడ్జర్

బోర్డుబెంచి గారు చెప్పిన టైమ్‌షీటు సంగతి బంగారంలాంటిది. దోషాలు సరిదిద్దడానికి, పాత ఉత్పత్తిని నడుపుతూ ఉండడానికి అయ్యే ఖర్చు ఆస్తి కాదు.

నికరవిలువ గారి అభ్యంతరాన్ని నేను ఒప్పుకుంటాను. విధానం తప్పు కాదు. అయితే ఆ విధానం ఇంకెక్కడెక్కడ ప్రభావం చూపుతుందో వాటాదారుకు తెలియాలి. ఐఏఎస్ 7 ప్రకారం ఆస్తిగా గుర్తించిన అభివృద్ధి ఖర్చు నగదు ప్రవాహ పట్టికలో పెట్టుబడి కార్యకలాపాల కిందికి వెళ్తుంది, కాబట్టి కార్యకలాపాల నగదు కూడా మెరుగ్గానే కనిపిస్తుంది. ‘లాభం నమ్మను, కార్యకలాపాల నగదునే నమ్ముతాను’ అనేవారు కూడా ఇక్కడ పప్పులో కాలేస్తారు. ఆ నగదులోంచి అభివృద్ధికి పెట్టిన సొమ్ము తీసేసి మిగిలినదాన్ని చూడాలి.

ఎబిటా (వడ్డీ, పన్ను, తరుగుదల, అమోర్టైజేషన్ తీసేయకముందు లాభం) అయితే మరీ దారుణం. ఖర్చు ఆస్తిలోకి పోయినప్పుడు ఎబిటాలో కనిపించదు. తర్వాత అమోర్టైజేషన్‌గా తిరిగి వచ్చినప్పుడూ కనిపించదు, ఎందుకంటే ఆ కొలమానం అమోర్టైజేషన్‌కు ముందే ఆగిపోతుంది. అంటే ఆ 9 ఏ సంవత్సరపు ఎబిటాలోనూ ఎన్నటికీ పడదు. యాజమాన్యం బోనస్ ఎబిటా మీద ఆధారపడి ఉందా అన్నది పారితోషికాల నివేదికలో తప్పక చూడండి.

చిన్నవాటా

చూశాను. బోనస్‌కు ఆధారం ‘సర్దుబాటు చేసిన ఎబిటా’యే, అంటే యాజమాన్యం కొన్ని పద్దులను కలిపి లేదా తీసేసి లెక్కించేది. ఇంకొకటి కూడా గమనించాను. పూర్తయిన ఉత్పత్తుల అభివృద్ధి ఆస్తిని కిందటి ఏడాది వరకు మూడేళ్లలో రాసేవారు, ఈ ఏడాది అయిదేళ్లకు మార్చారు. దీన్ని విధానంలో మార్పుగా పరిగణించి పాత సంవత్సరాల అంకెలను కూడా సవరించాలి కదా?

నికరవిలువ

అక్కర్లేదు. ఐఏఎస్ 8 ప్రకారం అకౌంటింగ్ విధానం మారితే పాత సంవత్సరాల అంకెలను కూడా కొత్త పద్ధతిలో తిరిగి చూపాలి. ఆస్తి ఉపయోగకాలం మారడం అంచనాలో మార్పు కిందికి వస్తుంది, దాని ప్రభావం ఈ ఏడాదికీ ఇకముందు సంవత్సరాలకే పరిమితం. అయితే ఆ మార్పు స్వభావం ఏమిటో, ఈ ఏడాది లాభం మీద దాని ప్రభావం ఎంతో చెప్పాలి. ఆ అంకె నోట్‌లో కనిపించకపోతే అడగడానికి మీకు పూర్తి ఆధారం ఉంది. ‘మా ఉత్పత్తులు ఎక్కువ కాలం అమ్ముడవుతున్నాయి’ అన్నది కారణమైతే, మూడేళ్లు దాటిన బోర్డుల అమ్మకాలు ఎంతో వాళ్లు చూపించగలగాలి.

బోర్డుబెంచి

నిల్వల గురించి కూడా మాట్లాడుకోవాలి. 2020 నుంచి 2022 దాకా చిప్‌ల కొరత ఎలా ఉండిందో అందరికీ గుర్తుండే ఉంటుంది. మైక్రోకంట్రోలర్ల (బోర్డును నడిపే చిప్‌ల) కోసం ఏడాది పైబడి ఎదురుచూడాల్సి వచ్చినప్పుడు దొరికినవన్నీ కొనిపెట్టుకున్న కంపెనీలు ఎన్నో. ఆ తర్వాత సరఫరా కుదుటపడి ధరలు పడిపోయాయి, అలమారల్లో చిప్‌లు చుట్టిన రీళ్లు మిగిలిపోయాయి.

చిప్ పైన ముద్రించిన తేదీ కోడ్ చూస్తే దాని వయసు తెలుస్తుంది. చాలా తయారీదారుల పద్ధతిలో 2219 అంటే 2022వ సంవత్సరం 19వ వారం. రీలు తేమ చొరబడని సంచిలో ఉంటుంది, లోపల రంగు మారే తేమ సూచిక కార్డు ఉంటుంది. తేమ సున్నితత్వ స్థాయి 3 అయిన భాగాలను సంచి తెరిచాక నిర్దేశిత వాతావరణంలో 168 గంటల్లోగా బోర్డుకు అతికించాలి, లేదంటే ఓవెన్‌లో ఆరబెట్టాక వాడాలి. అంటే పాతబడిన భాగం చెడిపోయిందని కాదు, కానీ దాన్ని వాడే బోర్డుకు గిరాకీ ఉందా అన్నది అసలు ప్రశ్న. ఆనాటి ధరకు కొన్న చిప్ ఇవాళ అందులో కొంత ధరకే దొరుకుతుంటే, దాన్ని ఇంకా కొన్న ధరకే చూపడం నాకు విడ్డూరంగా ఉంది.

పాతలెడ్జర్

మీకు విడ్డూరంగా అనిపించినా ప్రమాణం ఒప్పుకుంటుంది. ఐఏఎస్ 2 ప్రకారం నిల్వలను కొన్న ఖర్చు, నికర అమ్మకపు విలువ (అమ్మకపు ధరలోంచి పూర్తిచేయడానికి, అమ్మడానికి అయ్యే ఖర్చులు తీసేశాక మిగిలేది), ఈ రెండింటిలో తక్కువదానికే చూపాలి. ముడిసరుకు విషయంలో ఒక వెసులుబాటు ఉంది: ఆ భాగం చేరిన తయారైన బోర్డు తన ఖర్చుకు తగ్గకుండా అమ్ముడుపోతుందని అనుకుంటే, విడిభాగం ధర పడిపోయినంత మాత్రాన విలువ తగ్గించనక్కర్లేదు. కాబట్టి చిప్ మార్కెట్ ధర ఎంత అన్నదానికన్నా, చేతిలో ఉన్న చిప్‌లు ఎన్ని బోర్డులకు సరిపోతాయి, అన్ని బోర్డులకు ఆర్డర్లు ఎక్కడున్నాయి అన్నవే పదునైన ప్రశ్నలు. ఆగిపోయిన మోడల్‌కు కొనిపెట్టిన భాగాలకు ఆ వెసులుబాటు వర్తించదు.

2001లో నెట్‌వర్క్ పరికరాల కంపెనీ సిస్కో సుమారు 2.2 బిలియన్ డాలర్ల నిల్వల విలువను ఒక్కసారిగా తగ్గించి రాయాల్సి వచ్చింది. గిరాకీ పెరుగుతూనే ఉంటుందనుకుని భాగాలు పోగుచేసుకున్నాక మార్కెట్ తలకిందులైతే అంత పెద్ద కంపెనీకే ఆ పరిస్థితి వచ్చింది.

నికరవిలువ

నిల్వల్లో ఎవరూ పట్టించుకోని మరో మూల ఉంది, అది స్థిర ఉత్పత్తి ఖర్చుల పంపకం. ఫ్యాక్టరీ అద్దె, యంత్రాల తరుగుదల వంటివి ఏడాదికి 10 లక్షలు అనుకుందాం. సాధారణ ఉత్పత్తి 10,000 బోర్డులైతే ఒక్కో బోర్డు మీద 100 పడుతుంది. ఈ ఏడాది 5,000 బోర్డులే తయారుచేసి, వాటిలో 2,000 అమ్ముడుపోకుండా మిగిలాయనుకోండి. ప్రమాణం ప్రకారం సాధారణ సామర్థ్యాన్నే ఆధారంగా తీసుకోవాలి కాబట్టి నిల్వలో 2 లక్షల స్థిర ఖర్చే ఉండాలి. వాస్తవ ఉత్పత్తి మీద పంచితే బోర్డుకు 200 పడి నిల్వలో 4 లక్షలు దాక్కుంటాయి, లాభం 2 లక్షలు ఎక్కువ కనిపిస్తుంది. ‘సాధారణ సామర్థ్యం’ ఎంత అని నిర్ణయించారో చాలా నివేదికల్లో అసలు ఉండదు.

విడిభాగాలతో లాభం సృష్టించడం ఇంకా ముదిరితే ఏమవుతుందో జపాన్ కంపెనీ తోషిబా ఉదంతం చెబుతుంది. ఆ కంపెనీ పర్సనల్ కంప్యూటర్ విభాగం తాను కొన్న భాగాలను, తయారీ చేసిపెట్టే బయటి సంస్థలకు బాగా పెంచిన ధరకు అమ్మి, తయారైన కంప్యూటర్లను తిరిగి కొనేటప్పుడు ఆ తేడాను భరించేది. త్రైమాసికం చివర అవసరానికి మించి భాగాలు అంటగడితే ఆ త్రైమాసికానికి లాభం వచ్చినట్టు కనిపించేది. 2015 జూలైలో స్వతంత్ర విచారణ సంఘం నివేదిక వచ్చింది. పలు విభాగాల్లో ఏళ్ల తరబడి కలిపి 150 బిలియన్ యెన్‌లకు పైగా లాభాన్ని ఎక్కువచేసి చూపినట్టు అందులో తేలింది. చిన్నవాటా గారి కంపెనీ కూడా బయట అసెంబ్లీ చేయిస్తుంటే, ఆ సంస్థకు అమ్మిన భాగాలను ఆదాయంలో కలుపుతున్నారా అని అడగడం అనుమానించడమేమీ కాదు.

చిన్నవాటా

బయటే చేయిస్తారు. ఆదాయం నోట్‌లో ‘సరుకు పంపినప్పుడు ఆదాయాన్ని గుర్తిస్తాము’ అని ఒకే వాక్యం ఉంది. బోర్డుతోపాటు మూడేళ్ల పర్యవేక్షణ సేవను కలిపి ఒకే ధరకు అమ్ముతారు.

పాతలెడ్జర్

అలాగైతే ఆ ఒక్క వాక్యం చాలదు. 2018 నుంచి అమల్లో ఉన్న ఆదాయపు ప్రమాణం ఐఎఫ్‌ఆర్‌ఎస్ 15 (ఐఎఫ్‌ఆర్‌ఎస్ కూడా అంతర్జాతీయ ప్రమాణాలే) ప్రకారం బోర్డు, సేవ రెండు వేర్వేరు బాధ్యతలు అయినప్పుడు, విడివిడిగా అమ్మితే వచ్చే ధరల నిష్పత్తిలో మొత్తాన్ని పంచాలి. బోర్డు వాటాను అప్పగించినప్పుడు, సేవ వాటాను మూడేళ్లలో గుర్తించాలి. ముందే తీసుకున్న సొమ్ములో ఇంకా చేయని సేవ వాటా అప్పుల వైపు కనిపించాలి. అటువంటి పద్దు బ్యాలెన్స్ షీటులో ఉందా?

డిస్ట్రిబ్యూటర్లకు తిరిగి ఇచ్చే హక్కు ఉంటే, తిరిగి వస్తాయనుకున్న బోర్డుల మేరకు ఆదాయం చూపకూడదు. ఇన్వాయిస్ వేసి సరుకును కంపెనీ గోదాములోనే ఉంచిన అమ్మకాలకు షరతులు ఇంకా కఠినం: అలా ఉంచమనడానికి కొనుగోలుదారు వైపు నిజమైన కారణం ఉండాలి, ఆ సరుకు అతనిదిగా విడిగా గుర్తించి ఉండాలి, అడిగిన వెంటనే పంపేందుకు సిద్ధంగా ఉండాలి, దాన్ని మరొకరికి మళ్లించే వీలు కంపెనీకి ఉండకూడదు. వారంటీ ప్రొవిజన్ (వారంటీ కింద మరమ్మతులకు ముందే కేటాయించిన మొత్తం) కూడా చూడండి, అమ్మకాలు పెరిగిన ఏడాది అది తగ్గితే కారణం అడగండి.

నిర్వాహకుడు

చర్చ మంచి దారిలో సాగుతోంది. దయచేసి ఆ కంపెనీ ఏదో ఊహించి పేర్లు రాయవద్దు. అలాంటి రెండు వ్యాఖ్యలను తొలగించాము.

ఓటుహక్కు

ఇంతవరకు లెక్కల గురించే మాట్లాడారు కానీ మొదటి పోస్టులో షేర్ల కేటాయింపు తీర్మానం కూడా ఉంది. నా దృష్టిలో ఈ రెండూ ఒకే విషయానికి రెండు వైపులు.

కోటి షేర్లున్న కంపెనీ 25 లక్షల కొత్త షేర్లను బయటివారికి కేటాయిస్తే, 10 శాతం వాటా ఉన్నవారి వాటా 8 శాతానికి పలచబడుతుంది. హక్కుల జారీ అయితే పాత వాటాదారులకు ముందు అవకాశం వస్తుంది. ఎంపిక చేసినవారికి కేటాయించేటప్పుడు ఆ హక్కును వదులుకోమని మనల్నే ఓటు అడుగుతారు. కొత్త షేర్ల ధర ఇప్పటి లాభం ఆధారంగా నిర్ణయమైతే, ఆ లాభం ఏ విధానాల మీద నిలబడిందన్నది కొనేవారికి మనకన్నా బాగా తెలుస్తుంది, ఎందుకంటే వాళ్లు పుస్తకాలు పరిశీలించాకే డబ్బు పెడతారు. కాబట్టి లాభం ఉబ్బి ఉన్నా ధర తక్కువగానే ఉందంటే, వాళ్లు చూసినది మనకు కనిపించలేదని అర్థం.

తీర్మానంతో పంపే వివరణ పత్రంలో కేటాయింపు పొందేవారు ఎవరు, డైరెక్టర్లతో వాళ్లకు సంబంధం ఉందా, సొమ్ము దేనికి వాడతారు అన్నవి చదవండి. ‘సాధారణ కార్పొరేట్ అవసరాలు’ అని మాత్రమే ఉంటే, అభివృద్ధి ఖర్చుకు కావలసిన నగదు వ్యాపారంలోంచి రావడం లేదేమో అన్న అనుమానం సహజం. ఐఏఎస్ 38 షరతుల్లో పూర్తిచేయడానికి వనరులుండాలి అన్నది ఒకటి కదా. కొత్త షేర్లు అమ్మితే తప్ప పని పూర్తికాదంటే, ఏడాది చివరినాటికి ఆ షరతు నెరవేరిందని ఏ ఆధారంతో తేల్చారో డైరెక్టర్లే చెప్పాలి.

నికరవిలువ

ఓటుహక్కు గారి చివరి మాటను కొంచెం సడలించాలి. వనరులు చేతిలోనే ఉండనక్కర్లేదు. అప్పు ఇచ్చేవారు వ్యాపార ప్రణాళికకు సొమ్ము ఇవ్వడానికి సుముఖత తెలిపినా ఆధారంగా చూపవచ్చని ప్రమాణమే అంటుంది. అయితే ఇంకా వాడకానికి సిద్ధం కాని ఆస్తికి, నష్టపు సూచనలు ఉన్నా లేకున్నా ఏటా ఇంపెయిర్‌మెంట్ పరీక్ష (పుస్తకాల్లో ఉన్న విలువ తిరిగి వస్తుందా అన్న పరీక్ష) చేయాలని ఐఏఎస్ 36 నిబంధన. ఆ పరీక్షలో వాడిన అమ్మకాల వృద్ధి, డిస్కౌంట్ రేటు (రేపటి సొమ్మును నేటి విలువకు తగ్గించే రేటు) అడగండి.

ఆడిటర్ నివేదికలో ‘కీలక ఆడిట్ అంశాలు’ (ఆడిటరు ఎక్కువ దృష్టి పెట్టిన విషయాలు) అన్న భాగాన్ని కూడా వదలకండి. అంతర్జాతీయ ఆడిట్ ప్రమాణాల కింద లిస్టెడ్ కంపెనీలకు 2016 డిసెంబరు 15న గానీ ఆ తర్వాత గానీ ముగిసిన సంవత్సరాల నుంచి అది తప్పనిసరి. అభివృద్ధి ఆస్తి ఇంత పెరిగిన ఏడాదిలో అది ఆ భాగంలో లేకపోతే, ఆడిటరును సమావేశంలోనే అడగవచ్చు. ఇక ‘సర్దుబాటు చేసిన’ కొలమానాల విషయానికొస్తే, 2027 జనవరి నుంచి అమలయ్యే ఐఎఫ్‌ఆర్‌ఎస్ 18 కింద యాజమాన్యం సొంతంగా నిర్వచించుకున్న లాభ కొలమానాలను, వాటి సర్దుబాట్లతో సహా, ఆడిట్ అయిన నోట్స్‌లోనే వివరించాల్సి ఉంటుంది.

చిన్నవాటా

అందరికీ కృతజ్ఞతలు. కంపెనీ కార్యదర్శికి పంపడానికి ఇలా రాసుకున్నాను, లోపాలుంటే చెప్పండి:

‘ఈ ఏడాది ఆస్తిగా చూపిన అభివృద్ధి ఖర్చును ఉత్పత్తులవారీగా తెలపగలరు. ఒక్కో ఉత్పత్తి ఏ తేదీన, ఏ పరీక్ష పూర్తయ్యాక అభివృద్ధి దశలోకి వచ్చిందని నిర్ణయించారు? ఉపయోగకాలాన్ని మూడు నుంచి అయిదేళ్లకు పెంచడం వల్ల ఈ ఏడాది అమోర్టైజేషన్ ఎంత తగ్గింది? రెండేళ్లు దాటిన విడిభాగాల నిల్వ ఎంత, అందులో ప్రస్తుత ఆర్డర్లకు కావలసినది ఎంత? బయటి అసెంబ్లీ సంస్థకు అమ్మిన భాగాలను ఆదాయంలో చేర్చారా? యాజమాన్యం బోనస్‌ను అభివృద్ధి ఖర్చు మొత్తం తీసేసి లెక్కిస్తే ఎంత వచ్చేది?’

బోర్డుబెంచి

‘రెండేళ్లు దాటిన’ అన్నచోట ‘తేదీ కోడ్ ప్రకారం’ అని చేర్చండి. గోదాములో నమోదైన తేదీని చెబితే, పాత చిప్‌ను నిరుడు కొంటే అది కొత్తదిగా లెక్కలోకి వస్తుంది.

ఓటుహక్కు

ప్రశ్నలు బాగున్నాయి. బోనస్ ప్రశ్నను పారితోషిక సంఘం అధ్యక్షుడికి విడిగా పంపండి. అన్నీ ఒకే ఉత్తరంలో ఉంటే సులువైనవాటికి జవాబిచ్చి దాన్ని దాటేసే అవకాశం ఉంది. ఎలక్ట్రానిక్ ఓటు, ప్రాక్సీ (మన తరఫున ఓటు వేసే ప్రతినిధి) గడువులు సాధారణంగా సమావేశానికి ముందే ముగుస్తాయి, కాబట్టి ఉత్తరం అంతకన్నా ముందే చేరాలి. జవాబు రాకముందే ఓటు వేయాల్సి వస్తే, ఖాతాల ఆమోదానికీ షేర్ల కేటాయింపుకూ వేర్వేరుగా ఓటు వేసే వీలుందని మరచిపోకండి. ఇటువంటి కేటాయింపులకు కొన్ని దేశాల్లో పోలైన ఓట్లలో నాలుగింట మూడు వంతుల మద్దతు కావాలి, కాబట్టి అలాంటిచోట చిన్న వాటాదారులు కలిసి పావు వంతుకు మించి వ్యతిరేకిస్తే తీర్మానం ఆగిపోతుంది.